"సరే అయితే, నరకానికే పోతా": ఇది పంచ్ డైలాగ్ కాదు

[స్క్రీన్ మీద ఒక్క వాక్యం: "సరే అయితే, నరకానికే పోతాను"]

మార్క్ ట్వైన్ నవల హకల్‌బెరీ ఫిన్, 31వ అధ్యాయంలో హక్ తనలో తాను అనుకునే మాట ఇది. విడిగా చూస్తే హీరో తొడ కొట్టినట్టే ఉంటుంది. నేనూ మొదట అలాగే చదివాను. కానీ నాలుగు లైన్లు వెనక్కి వెళ్లి చూడండి, ఆ కుర్రాడు ఊపిరి బిగబట్టి వణికిపోతున్నాడు, ఎందుకంటే నిజంగానే నరకానికి పోతానని వాడి నమ్మకం.

కథ క్లుప్తంగా చెప్తా. హక్‌కి 13, 14 ఏళ్లుంటాయి, తాగుబోతు తండ్రి దెబ్బలు పడలేక పారిపోయాడు. జిమ్ బానిస. యజమానురాలు మిస్ వాట్సన్ తనను అమెరికా దక్షిణాదికి అమ్మేసేలా ఉందని చెవిన పడి అతనూ పారిపోయాడు. ఇద్దరూ ఒకే తెప్ప మీద మిసిసిపీ నదిలో పోతుంటే, దారిలో తగులుకున్న ఒక మోసగాడు జిమ్‌ని 40 డాలర్లకి అమ్ముకున్నాడు.

[తెప్ప, కాగితం, పెన్సిల్]

అప్పట్లో అక్కడ బానిస అంటే ఆస్తి. పారిపోవడానికి సాయం చేస్తే దొంగతనం, పైగా పాపం అని పెద్దవాళ్లంతా చెప్పేవాళ్లు. హక్ మోకరిల్లి ప్రార్థన చేయబోతే నోట మాట రాదు, లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి అంటే దేవుడికి తెలియదా అని. దాంతో జిమ్ ఎక్కడున్నాడో చెబుతూ మిస్ వాట్సన్‌కి ఉత్తరం రాసేస్తాడు. రాయగానే పాపమంతా కడిగేసినట్టు తేలికైపోతుంది. ఇక ప్రార్థన వస్తుంది. కానీ వెంటనే చెయ్యడు, కాగితం పక్కన పెట్టి ఆలోచనలో పడతాడు. నన్నడిగితే అధ్యాయమంతా మలుపు తిరిగేది ఇక్కడే.

వాడికి గుర్తొచ్చేవి పెద్ద పెద్ద సిద్ధాంతాలేం కావు. రాత్రి కాపలాలో తన వంతు అయిపోయినా హక్‌ని లేపకుండా, పడుకోనీలే అని వాడి వంతు కూడా జిమ్ కాయడం, పొగమంచులో తప్పిపోయి తిరిగొస్తే జిమ్ మొహం వెలిగిపోవడం, పారిపోయిన బానిసల్ని వెతికేవాళ్లని తెప్ప మీద మశూచి ఉందని నమ్మించి హక్ కాపాడిన రోజు, నీలాంటి స్నేహితుడు నాకింకెవరూ లేరని జిమ్ అనడం. అంతలో ఆ కాగితం మళ్లీ కంటపడుతుంది. చేతిలోకి తీసుకుంటాడు, ఆ మాట అనుకుంటాడు, చింపేస్తాడు.

మనస్సాక్షి చెప్పినట్టు చెయ్యి అంటాం కదా మనం, ఇక్కడ ఉత్తరం రాయమన్నదే మనస్సాక్షి! మంచి మనసూ వంకరపోయిన మనస్సాక్షీ ఢీకొని మనస్సాక్షి ఓడిపోయే కథ అని ట్వైనే 1895లో నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నవల అమెరికాలో వచ్చింది 1885లో, అప్పటికి బానిసత్వం రద్దయి దాదాపు 20 ఏళ్లు, కాబట్టి తప్పెవరిదో చదివేవాళ్లకి తెలుసు. హక్‌కే తెలీదు.

ఇంకొకటి, నవల పూర్తి చేయనివాళ్లు ఇక్కడ ఆపేయండి, స్పాయిలర్. మిస్ వాట్సన్ అప్పటికే చనిపోయింది, జిమ్‌ని విడిచిపెట్టమని వీలునామాలో రాసి మరీ. ఆ ఉత్తరం పోస్ట్ చేసినా, విప్పి చదవడానికి ఆవిడ లేదు.