గురుడి రేడియో హోరు: తీగ, రిసీవర్, అయో

ముందు ఈ శబ్దం వినండి. అలలు ఒడ్డుకొచ్చి విరుగుతున్నట్టు లేదూ? ఇది గురుగ్రహం పంపే రేడియో సంకేతం, దీన్ని ఇంటి దగ్గరే ఎలా పట్టాలో చూద్దాం. సెకనుకొకటి చొప్పున ఎగసిపడే ఈ హోరును ఎల్ బర్స్ట్‌లు అంటారు. ఇప్పుడిది వినండి. రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు పటపటా... ఇవి ఎస్ బర్స్ట్‌లు, ఒక్కోటీ కొన్ని మిల్లీసెకన్లే.

1955లో బెర్నార్డ్ బర్క్, కెనెత్ ఫ్రాంక్లిన్ 22.2 మెగాహెర్ట్జ్ దగ్గర దీన్ని పట్టుకున్నప్పుడు మొదట స్థానిక రొద అనుకున్నారు. నక్షత్రాల మధ్య గురుడు జరిగిన కొద్దీ ఆ రొద దిశా జరుగుతూ వచ్చింది. అప్పుడు తేలింది, అది గురుడిదేనని.

అసలు గురుడే ఎందుకు? అయస్కాంత రేఖల చుట్టూ ఎలక్ట్రాన్లు గిరగిరా తిరుగుతాయి. అవి సెకనుకు ఎన్నిసార్లు తిరిగితే దాదాపు అదే రేడియో ఫ్రీక్వెన్సీ. అయస్కాంత క్షేత్రపు బలాన్ని గాస్‌లలో కొలిస్తే, గాస్‌కు 2.8 మెగాహెర్ట్జ్, లెక్క అంతే. గురుడి సంకేతం 40 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి, అది పుట్టేచోట క్షేత్రం దాదాపు 14 గాస్. శని క్షేత్రం దీని ముందు చాలా బలహీనం, దాని సంకేతం కొన్ని వందల కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. సుమారు 10 మెగాహెర్ట్జ్ కంటే కిందివాటిని మన అయనోస్ఫియర్, అంటే వాతావరణంలో పైనున్న విద్యుదావేశ పొర, లోపలికి రానివ్వదు. అందుకే శని, యురేనస్, నెప్ట్యూన్‌ల రేడియో వినడానికి వాయేజర్ అంతరిక్ష నౌకలు వెళ్లాల్సి వచ్చింది. ఇలాంటి హోరు నేల మీంచి వినబడే భారీ గ్రహం గురుడొక్కడే.

ఇక యాంటెన్నా. 20.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ (రెండు చేతుల తీగ యాంటెన్నా) మొత్తం పొడవు 7.1 మీటర్లు, అంటే ఒక్కో చేయి 3.55. మధ్యలో కోయాక్స్ కేబుల్ లోపలి తీగను ఒక చేతికి, అల్లిక తీగను రెండో చేతికి కలపండి. నేల నుంచి కనీసం 3 మీటర్ల ఎత్తు ఉండాలి.

రిసీవర్లో ఏజీసీ, అంటే సంకేతాన్ని బట్టి గెయిన్‌ని (పెంపుని) దానంతటదే సర్దే ఏర్పాటు, ఆపేయండి. ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు: బర్స్ట్ రాగానే ఏజీసీ గెయిన్ తగ్గించేస్తుంది, అల కాస్తా చదునైపోతుంది. చిటపట రొదను తీసేసే నాయిస్ బ్లాంకర్ కూడా వద్దు, అది ఎస్ బర్స్ట్‌లను స్పార్కులనుకుని తుడిచేస్తుంది. తర్వాత యాంటెన్నా తీసి దాని బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (ఉత్త నిరోధకం) పెట్టి, మళ్లీ యాంటెన్నా తగిలించండి. రొద స్పష్టంగా పెరగాలి. అది పాలపుంత రొద. పెరగకపోతే కేబులో, అతుకో చూసుకోండి. మరీ పెరిగితే రిసీవర్ని బ్యాటరీ మీద నడుపుతూ ఇంట్లో మెయిన్ ఆపి చూడండి. ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లు, ఛార్జర్లు ఈ బ్యాండంతా పాడుచేస్తాయి.

వినే వేళ అర్ధరాత్రి దాటాక, గురుడు ఆకాశంలో బాగా పైన ఉన్నప్పుడు. పగలు దూరపు స్టేషన్లన్నీ అయనోస్ఫియర్ మీంచి దూకి వచ్చి పడతాయి.

కానీ అసలు తాళంచెవి అయో చేతిలో ఉంది. 42.5 గంటలకోసారి గురుణ్ణి చుట్టే ఈ ఉపగ్రహం, మన చూపులో గురుడి వెనక నుంచి లెక్కిస్తే సుమారు 90 లేదా 240 డిగ్రీల దగ్గరున్నప్పుడు సంకేతం బలంగా వచ్చే అవకాశం ఎక్కువ. మనవైపు తిరిగి ఉన్న గురుడి రేఖాంశం కూడా కలిసిరావాలి. ఈ తరంగాలు బోలు శంకువులా వెలువడతాయి, ఆ శంకువు గోడ మన మీదుగా వెళ్లేటప్పుడే వినబడుతుంది. కాబట్టి ఇవన్నీ కలిసివచ్చే వేళల అంచనా పట్టికలు చూసి కూర్చోండి.

పటపటలు వినగానే గురుడనుకోకండి, మెరుపులూ అలాగే ఉంటాయి. మెరుపు అన్ని ఫ్రీక్వెన్సీల్లో ఒక్కసారే పడుతుంది. ఎస్ బర్స్ట్ మాత్రం పైనుంచి కిందికి, సెకనుకు సుమారు 20 మెగాహెర్ట్జ్ చొప్పున జారుతుంది. ఎలక్ట్రాన్లు గురుడికి దూరమవుతూ బలహీన క్షేత్రంలోకి పోవడమే ఆ జారుడు. మామూలు వాటర్‌ఫాల్‌కి (కాలంతో ఫ్రీక్వెన్సీలు మారడాన్ని చూపే తెర బొమ్మకి) అంత వేగం అందదు. ఎస్‌డీఆర్‌తో (కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిసీవర్‌తో) ఐక్యూ, అంటే ముడి సంకేతాన్ని, రికార్డు చేసి, మిల్లీసెకన్ల స్థాయికి సాగదీసి చూడండి: ఏటవాలు గీతలు కనిపిస్తే అది గురుడే.