ఆరు రూపాయల ఇథనాల్ షేరు: ఏడాదిన్నర తర్వాత నా రివ్యూ

నమస్తే అండి. ముందు ఈ ఫొటో చూడండి. రోడ్డు పక్కన ప్రహరీ గోడ, లోపల తుమ్మచెట్లు, గేటుకి ఒక రేకు బోర్డు. బోర్డు మీద "ప్రతిపాదిత ఇథనాల్ ప్లాంటు, రోజుకు 120 కిలోలీటర్లు" అని ఉంది. అందులో 'ప్రతిపాదిత' అనే మాట ఎండకి వెలిసిపోయింది. మిగతాది మాత్రం బాగానే కనిపిస్తోంది. కంపెనీ ప్రెజెంటేషన్‌లో కూడా ఆ మాట ఇంతే సన్నగా ఉంది, నేనే సరిగ్గా చూసుకోలేదు.

ఈసారి రివ్యూ ఫోన్‌కీ బైక్‌కీ కాదు. ఇథనాల్, బయోడీజిల్ పేరు చెప్పి తిరిగే పెన్నీ స్టాక్స్‌కి, అంటే కొద్ది రూపాయలకే దొరికే చిన్న కంపెనీల షేర్లకి. నేను సెబీ రిజిస్టర్డ్ అనలిస్టుని కాదు. ఏది కొనాలో చెప్పను, ఈ ఫొటోలో కంపెనీ పేరు కూడా చెప్పను, కామెంట్లలో అడగొద్దు. 6 రూపాయల 40 పైసల చొప్పున 10,000 షేర్లు కొన్నాను. అరవై నాలుగు వేలు. ఆ డబ్బుతో ఇంట్లో ఏసీ పెట్టించాల్సింది, ఆ గొడవ వేరే.

అసలు ఎందుకు కొన్నానంటే, కథ నిజం కాబట్టి. ఇథనాల్ అంటే చెరుకుతోనో గింజలతోనో చేసే ఆల్కహాల్, పెట్రోల్‌లో కలుపుతారు. 2014లో పెట్రోల్‌లో ఇథనాల్ ఒకటిన్నర శాతం. 2018 జీవ ఇంధన విధానంలో 2030 నాటికి 20 శాతం అన్నారు. 2025లోనే అక్కడికి చేరిపోయాం. ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం ఐదేళ్లు ముందే అందడం మనం ఎన్నిసార్లు చూశాం చెప్పండి? పచ్చి అబద్ధమైతే మనం జాగ్రత్తపడతాం. ఇక్కడ వార్త నిజం. ఆ వార్తలోంచి ఈ ఆరు రూపాయల కంపెనీకి ఏమొస్తుందన్నది నేను అడగలేదు.

ఇప్పుడు అడుగుదాం. ఇథనాల్ కొనేది ఎవరు? ముఖ్యంగా మూడు ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు. రేటు పెట్టేది ఎవరు? ప్రభుత్వం. మొక్కజొన్న ఇథనాల్‌కి లీటరు 71 రూపాయల 86 పైసలు. టన్ను మొక్కజొన్నకి సుమారు 370, 380 లీటర్లు వస్తుంది. కిలో 24 రూపాయలకి కొన్నారనుకోండి, లీటరుకి గింజల ఖర్చే సుమారు 64 అవుతుంది. మిగిలిన ఏడెనిమిది రూపాయల్లో కరెంటు, ఆవిరి, జీతాలు, బ్యాంకు వడ్డీ అన్నీ గడవాలి. పక్కన డీడీజీఎస్ అని పిప్పి వస్తుంది, దాణాగా అమ్ముతారు, కాస్త ఊపిరి దాని వల్లే. ఇప్పుడు మొక్కజొన్న రెండు రూపాయలు పెరిగిందనుకోండి. అమ్మే రేటు పెంచుకునే వీల్లేదు. కొనే రేటు చేతిలో లేదు, అమ్మే రేటూ చేతిలో లేదు. మన కోళ్ల ఫారాల వాళ్లని అడగండి, మొక్కజొన్న రేటు గురించి గంటసేపు చెబుతారు, ఎందుకంటే అదే గింజ కోసం వాళ్లూ ఈ ప్లాంట్లూ పోటీ.

దీనికి తోడు రాత్రికి రాత్రి మారే ఆర్డర్లు. 2023 డిసెంబర్ 7న కేంద్రం చెరుకు రసంతో ఇథనాల్ చేయొద్దని ఆదేశమిచ్చింది. చక్కెర తగ్గుతుందని భయం. షుగర్ కంపెనీల షేర్లు ఆ రోజే పడ్డాయి. 2024 ఆగస్టులో మళ్లీ సరే అన్నారు. పెద్ద మిల్లులు తట్టుకున్నాయి. అప్పుతో ఒకే ప్లాంటు కట్టుకున్న చిన్న కంపెనీ ఎనిమిది నెలలు ఎలా ఆగుతుంది?

ఇక అసలు అంకె. 2025 నవంబర్‌తో మొదలైన సరఫరా ఏడాదికి ఆయిల్ కంపెనీలు అడిగింది 1,050 కోట్ల లీటర్లు. మేమిస్తాం అని ముందుకొచ్చింది 1,776 కోట్ల లీటర్లు. పెళ్లికి వెయ్యి మందికి వండమంటే పదిహేడు వందల మందికి వండి నిలబడ్డట్టు. ఉన్న ప్లాంట్లకే పూర్తి ఆర్డర్ దొరకని చోట, ప్రహరీ గోడ దశలో ఉన్న ప్లాంటుకి విలువెంత?

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు. 2021 మొదట్లో రాత్రిపూట ఫోన్ చేసి "బావా, గీవో కొన్నా" అన్నాడు. కొలరాడో కంపెనీ, విమాన ఇంధనం చేస్తామంటుంది. 2020లో డాలరు కింద ఉన్న షేరు 2021 ఫిబ్రవరికి 15 డాలర్ల దాకా వెళ్లింది. 2011లో మొదటిసారి మార్కెట్‌కి వచ్చినప్పుడూ ధర 15 డాలర్లే. అంటే పదేళ్లలో అసలు తిరిగొచ్చేసిందనుకుంటున్నారా? మధ్యలో మూడు రివర్స్ స్ప్లిట్లు జరిగాయి. 2015లో పదిహేను షేర్లు కలిపి ఒకటి, 2017లో ఇరవై కలిపి ఒకటి, 2018లో మళ్లీ ఇరవై కలిపి ఒకటి. గుణించండి: 6,000. 2011లో 90,000 డాలర్లు పెట్టి ఆరు వేల షేర్లు కొన్నవాడి దగ్గర 2021లో ఉన్నది ఒక్క షేరు. అంత పీక్‌లో కూడా దాని విలువ 15 డాలర్లు. అమెరికా స్టాక్ ఎక్స్ఛేంజి నాస్‌డాక్‌లో షేరు ఎక్కువ రోజులు డాలరు కింద ఉంటే, లిస్టులోంచి తీసేయాల్సి వస్తుందని నోటీసు వస్తుంది, అందుకే ఈ కలపడాలు.

ఆ ఊపులో కంపెనీ ఏం చేసింది? 2021 జనవరిలోనే 8 డాలర్ల చొప్పున కొత్త షేర్లు అమ్మి 350 మిలియన్ డాలర్లు తీసుకుంది. నన్నడిగితే తెలివైన పని, నేనైనా అదే చేస్తాను. కాకపోతే ఆ షేర్లు తయారుచేసింది కంపెనీ, కొన్నది మనం. 2023కి షేరు మళ్లీ డాలరు దరిదాపుల్లోకి వచ్చేసింది. ఈమధ్య అడిగితే మా బావమరిది టాపిక్ మార్చేశాడు.

మన దగ్గర ఇదే పని వారెంట్లతో చేస్తారు. వారెంటు అంటే ఇప్పుడు ఖాయం చేసిన ధరకి తర్వాత కొత్త షేరు తీసుకునే హక్కు. కంపెనీ నడిపే ప్రమోటర్లకో వాళ్ల మనుషులకో ఇవి ఇస్తారు. ముందు పాతిక శాతం కడితే చాలు, మిగతాది కట్టడానికి 18 నెలల టైం. ఈలోపు షేరు పెరిగితే కట్టి తీసుకుంటారు, పడితే పాతిక శాతం వదిలేసుకుంటారు. నేను కొన్న కంపెనీ లాభనష్టాలు నాలుగు క్వార్టర్లు చదివాను కానీ మొత్తం షేర్ల సంఖ్య చూడలేదు. రెండేళ్లలో అది రెండింతలు దాటింది, అంటే ఒక్కో షేరుకి దక్కే వాటా సగానికి పైగా తగ్గినట్టే. బీఎస్‌ఈ (బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి) సైట్‌లో షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ అని ఉంటుంది, రెండు నిమిషాల పని.

ఇంకోటి పరివేష్. కేంద్ర పర్యావరణ శాఖ పోర్టల్. ప్లాంటుకి అనుమతి అడిగారా, వచ్చిందా, ఏ ఊళ్లో, అన్నీ దొరుకుతాయి. కాగితం మీద అనుమతి ఉన్నా చాలదు. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబర్‌లో ఏం జరిగిందో గుర్తుందిగా? ఇథనాల్ ప్లాంటు వద్దని జనం రోడ్డెక్కారు, పనులు ఆగాయి. ఆ ఊరివాళ్ల నీళ్ల భయం ఏ ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్‌లోనూ ఒక స్లైడ్‌గా రాదు.

సరే, నా సంగతి. కొన్నాక తొమ్మిది రోజులు వరసగా అప్పర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో పెరగడానికి వీలున్న చివరి హద్దు. 9.80 అయింది. ఇంట్లో ఏసీ రెండు టన్నులది తీసుకుందాం అన్నాను. పదో రోజు ఉదయం 9:15కి స్క్రీన్ తెరిచాను. అమ్మేవాళ్ల వైపు పద్నాలుగు లక్షల షేర్లు. కొనేవాళ్ల వైపు ఐదు వరసలూ సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా. లోయర్ సర్క్యూట్, అంటే ఒక రోజులో పడడానికి వీలున్న చివరి హద్దు. ధర ఇంతకి పడితే అమ్మేయమని పెట్టుకున్న మన స్టాప్‌లాస్ దాని మానాన అది ఉంటుంది, కొనేవాడు లేకపోతే ఎవరికి అమ్ముతుంది? రోజూ 9 గంటలకే ఆర్డర్ పెట్టడం, సాయంత్రం క్యాన్సిల్ అయిందని మెసేజ్ చూసుకోవడం. పదిహేడు రోజులు ఆ టెన్షన్. చివరికి 4 రూపాయల 10 పైసల దగ్గర 8,900 షేర్లు పోయాయి. చేతికొచ్చింది 36 వేల చిల్లర.

అప్పుడు వెళ్లాను సైట్ చూడ్డానికి, కొనకముందు కాదు. గేటు దగ్గర ఒక పెద్దాయన మేకలు కాచుకుంటున్నాడు. "ఫ్యాక్టరీ ఎప్పుడు కడతారు తాతా?" అంటే, "నువ్వు నాలుగోవాడివి నాయనా అడగడం" అన్నాడు.

రేటింగ్ అడుగుతారు కాబట్టి, ఐదుకి ఒకటి. ఆ ఒకటి కూడా ఇథనాల్‌కి, షేరుకి కాదు. ప్లాంటు నడుస్తూ, ఆయిల్ కంపెనీల కేటాయింపు చేతిలో ఉండి, అప్పు తగ్గుతున్న చిన్న కంపెనీ ఎక్కడైనా కనపడితే దానికి విడిగా వీడియో చేస్తాను. ఇప్పటివరకు నాకు ఆరు రూపాయల్లో దొరకలేదు.

మిగిలిన 1,100 షేర్లు ఇంకా డీమ్యాట్‌లోనే ఉన్నాయి. పోయిన నెల ఈ-ఓటింగ్ మెయిల్ వచ్చింది. కంపెనీ చేయగల వ్యాపారాల జాబితాలో గ్రీన్ హైడ్రోజన్ చేర్చడానికి వాటాదారుల అనుమతి కావాలట. వద్దు అని నొక్కాను. మర్నాడు షేరు అప్పర్ సర్క్యూట్.