యంత్రానికి డబ్బుంది, సరుకు కదలడానికే లేదు

మిల్లర్ల సంఘం పెద్దలకు, మున్సిపల్ ఇంజినీర్లకు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల ప్రతినిధులకు నమస్కారం.

మిర్యాలగూడ బియ్యం మిల్లుల వెనకాల ఊక బూడిద గుట్టల గురించి ఈ సభలో ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. గాలి తిరిగిన రోజు రోడ్డు మీద బైకు నడిపేవాళ్ల కళ్లకు అది తెలుసు. ఆ బూడిద కావాల్సినవాళ్లేమో హైదరాబాద్ చుట్టూ ఉన్న రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంట్లలో, ఇటుకల యూనిట్లలో, ఉక్కు కర్మాగారాల్లో ఉన్నారు. చౌటుప్పల్, జడ్చర్ల మందుల ఫ్యాక్టరీల్లో వాడేసిన ద్రావకాలకు మండే గుణం ఉంది. వాటిని కాల్చగల సిమెంటు ఫ్యాక్టరీ కొలిమిలు, అంటే కిల్న్‌లు హుజూర్‌నగర్ వైపు, వాడపల్లి వంతెన దాటితే పల్నాడులో ఉన్నాయి. వ్యర్థం ఒక జిల్లాలో, అవసరం ఇంకో జిల్లాలో, ఒక్కోసారి పక్క రాష్ట్రంలో. సర్క్యులర్ ఎకానమీ అని పెద్ద పేరు పెట్టుకున్నా అసలు పని ఈ రెండు గేట్లను కలపడమే.

ప్రభుత్వ పథకాలు షెడ్డుకు డబ్బిస్తాయి, యంత్రానికి ఇస్తాయి. ఈ గేటు నుంచి ఆ గేటుకు సరుకు నమ్మకంగా, ఒకే నాణ్యతతో, గిట్టుబాటయ్యే కిరాయితో నడవడానికి మాత్రం డబ్బు సులువుగా రాదు. ప్రాజెక్టులు కూలేది అక్కడే. కాబట్టి దరఖాస్తు రాసేటప్పుడు యంత్రం నుంచి కాకుండా సరుకు నడక నుంచి మొదలుపెట్టాలి.

ఊక బూడిదనే లెక్క కడదాం. టన్ను వడ్లకు సుమారు 200 కిలోల ఊక వస్తుంది. అది కాలితే 18 నుంచి 20 శాతం బూడిదగా మిగులుతుంది. అంటే టన్ను వడ్లకు 40 కిలోల లోపు. రోజుకు 100 టన్నులు ఆడించే మిల్లులు ఇరవై కలిశాయనుకోండి. 2,000 టన్నుల వడ్లు, 400 టన్నుల ఊక. అందులో వంద టన్నులు బయటికి అమ్ముకుని, మిగతాది ఉప్పుడు బియ్యం బాయిలర్లలో కాల్చారనుకుంటే 18 శాతం లెక్కన 54 టన్నుల బూడిద. ఏడాదికి 200 రోజులు నడిస్తే 10,800 టన్నులు. ప్రాజెక్టు రిపోర్టులో చాలామంది 365 రోజులతో గుణిస్తారు. మిల్లు వానాకాలం, యాసంగి పంటలను బట్టి నడుస్తుంది, కొనేవాడికేమో నెలనెలా సమానంగా కావాలి. ఆ తేడాకు తగినంత పైకప్పు ఉన్న నిల్వ షెడ్డు లేకపోతే, ఒప్పందం మీద సంతకం పెట్టిన ఏడాదే సరఫరా తప్పుతుంది.

రెండో చిక్కు నాణ్యత. బూడిదలో 85 నుంచి 90 శాతం సిలికా ఉంటుంది కాబట్టి బంగారమే అనుకుంటారు. ఆ సిలికా ఏ రూపంలో ఉందో కొనేవాడు అడుగుతాడు. 550 నుంచి 700 డిగ్రీల మధ్య నిదానంగా కాలితే కాంక్రీటులో సున్నంతో చర్య జరిపే సిలికా వస్తుంది. వేడి 800 దాటి ఎక్కువసేపు ఉంటే అది స్ఫటికంగా మారి, ఇసుకలా పడి ఉంటుంది. ఇంకోవైపు ఆవిరి అవసరం పెరిగినప్పుడు బాయిలర్ దగ్గర మనిషి ఊక ఎక్కువ తోస్తాడు. సగం కాలి నల్లగా బయటికొస్తుంది. ఆ కార్బన్ కాంక్రీటులో నీళ్లనూ రసాయనాలనూ పీల్చేస్తుంది. ఇరవై మిల్లులంటే ఇరవై బాయిలర్లు, ఇరవై రకాల బూడిద. అన్నీ ఒకే గుట్టలో పోస్తే మంచిదీ చెడ్డదీ ఒకే ధరకు, అంటే చెడ్డదాని ధరకు పోతాయి.

పరీక్ష పెద్ద ఖర్చు కాదు. గుట్టలో ఐదారు చోట్ల నుంచి తీసి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుని మిగతావి పారేస్తూ, చిన్న నమూనా అయ్యేదాకా తగ్గించాలి. 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి తూచాలి. తర్వాత మఫిల్ ఫర్నేసు అనే చిన్న ల్యాబు కొలిమిలో 900 డిగ్రీల దగ్గర కాల్చి మళ్లీ తూచాలి. 10 గ్రాములది 9.2 గ్రాములైతే తరుగు 8 శాతం, అంటే సుమారుగా అంత కాలని కార్బన్ మిగిలి ఉంది. పోల్చుకోవడానికి చెబుతున్నాను, కాంక్రీటులో వాడే బొగ్గు బూడిద, అంటే ఫ్లైయాష్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 3812 పెట్టిన హద్దు 5 శాతం. మిల్లు వారీగా మూడు నెలల రికార్డు ఉంటే ఎవరి బూడిద కాంక్రీటుకు పోవాలో, ఎవరిది ఇటుకలకు పోవాలో తేలిపోతుంది. తేమ కూడా ఇక్కడే తెలుస్తుంది. దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టిన బూడిదను కాంటా మీద పెడితే, నీళ్లకు కూడా ధర కట్టమన్నట్టు ఉంటుంది. కొనేవాళ్లతో మొదటి గొడవ దాదాపు ఎప్పుడూ దీని మీదే. ఒప్పందంలో ధరను పొడి బరువు మీద రాయండి.

రిపోర్టుల్లో తరచూ కనిపించే ఇంకో వాక్యం: 'పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, వాళ్లు కొంటారు.' ఫ్లైయాష్ కలిపి చేసే పీపీసీ సిమెంటుకు ఉన్న ప్రమాణం ఐఎస్ 1489 మొదటి భాగం. అది ఫ్లైయాష్ గురించి, 15 నుంచి 35 శాతం దాకా. దాని బదులు ఊక బూడిద కలిపి అదే సంచిలో అమ్మడం కుదరదు. కాంక్రీటు సంగతి వేరు. ఐఎస్ 456:2000 ఊక బూడిదను పేరు పెట్టి ఒప్పుకుంది, నాణ్యత ఒకేలా ఉండాలని, నిర్ణయాధికారి అనుమతి కావాలని షరతు పెట్టింది. అందుకే మన గిరాకీ రెడీమిక్స్ వాళ్ల దగ్గర, కాంక్రీటును అచ్చుల్లో పోసి అమ్మే ప్రీకాస్ట్ వాళ్ల దగ్గర ఉంది. గేటు పక్కన కొనేవాడున్నాడని రాసి, అసలు కొనేవాడు 150 కిలోమీటర్ల దూరంలో తేలితే రిపోర్టులో కిరాయి లెక్క మొత్తం తప్పినట్టే.

కిరాయి విషయానికొస్తే, ఊక అయితే ఘనమీటరుకు వంద కిలోలు దాటి కొంచెం ఉంటుంది. 30 ఘనమీటర్ల బాడీ నిండినా మూడు టన్నులు, మూడున్నర టన్నులు. లారీ నిండుతుంది, కాంటా మాత్రం కదలదు. బూడిద కూడా పొడిగా పోస్తే తేలికే. ట్రిప్పుకు కిరాయి 9 వేలు అనుకుంటే, ఆరు టన్నులు ఎక్కితే టన్నుకు 1,500 పడుతుంది. అదే పొడి చేసి, జంబో సంచుల్లో అదిమి పన్నెండు టన్నులు ఎక్కిస్తే 750. ప్రాజెక్టులో అన్నిటికన్నా లాభసాటి యంత్రం ఈ సంచులు నింపే మిషనే కావచ్చు. రిపోర్టుల్లో అది చివరి పేజీలో 'ఇతర సామగ్రి' కింద ఉంటుంది.

ఇక్కడ బొగ్గు బూడిదతో పోల్చి చూడాలి. దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది, మక్తల్ అవతల కృష్ణ దాటితే రాయచూరు కేంద్రం ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు రోడ్ల కట్టలు వేసేవాళ్లు, నిర్మాణాలు చేసేవాళ్లు బూడిద వాడాలి, అయితే దాన్ని పని జరిగే చోటికి ఉచితంగా చేర్చి రవాణా ఖర్చు భరించాల్సింది ఆ థర్మల్ కేంద్రమే. వాడకుండా మిగిలిన టన్నుకు వెయ్యి రూపాయల పరిహారం కూడా ఉంది. అంటే బొగ్గు బూడిదకు కిరాయి ఎవరు కట్టాలో చట్టమే చెప్పింది. ఊక బూడిదకు అలాంటి అండ లేదు. ఒకే మార్కెట్లో ఉచితంగా ఇంటికొచ్చే సరుకుతో మన సరుకు పోటీపడాలి. ప్రభుత్వ డబ్బు అడగడానికి ఇంతకన్నా బలమైన కారణం ఉండదు. మొదటి రెండేళ్ల కిరాయి లోటును టన్నుకు ఇంత అని విడిగా చూపించి, ఏటా తగ్గేలా అడగాలి.

మున్సిపల్ ఇంజినీర్లకు ఒక మాట. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే, మండే చెత్తతో ఇంధనం చేసే ఆర్‌డీఎఫ్ ప్లాంటుకు వంద కిలోమీటర్ల లోపు ఇంధనం వాడే పరిశ్రమలు కనీసం 5 శాతం ఇంధనాన్ని ఆర్‌డీఎఫ్‌తో మార్చుకోవాలని రాశారు. అయినా కిల్న్ వాళ్లు లారీ వెనక్కి పంపుతారు. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడో గ్రేడుకు తేమ 20 శాతం లోపు, క్లోరిన్ 1 శాతం లోపు, కిలోకు 3,000 కిలోకాలరీల పైన ఉండాలి. పీవీసీ ముక్కలు ఎక్కువైతే క్లోరిన్ పెరిగి, ముడిసరుకును వేడిచేసే ప్రీహీటరు సైక్లోన్లలో పొర కట్టి కిల్న్ ఆపాల్సి వస్తుంది. ఒక్కసారి ఆగితే వాళ్లకయ్యే నష్టం ముందు మన చెత్త మీద మిగిలేది లెక్కలోకి రాదు. ముక్కలు చేసే ష్రెడర్ కన్నా ముందు ఆరబెట్టే చోటు, పీవీసీ ఏరే బెల్టు అడగండి.

ఇక డబ్బు ఎక్కడుంది? సూక్ష్మ చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం, ఎంఎస్ఈ-సీడీపీ, ఉమ్మడి సౌకర్య కేంద్రాలకు ఇస్తుంది. 2022 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 10 కోట్ల ప్రాజెక్టుకు కేంద్రం వాటా 70 శాతం, 10 నుంచి 30 కోట్ల దానికి 60 శాతం. పరీక్షల ల్యాబు కూడా ఈ సౌకర్యాల్లోకి వస్తుంది, కాబట్టి మఫిల్ ఫర్నేసు ఇక్కడ పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్, రబ్బరు, ఎలక్ట్రానిక్ వ్యర్థాల చిన్న యూనిట్లకు ఎంఎస్ఈ-స్పైస్ ఉంది, 25 శాతం పెట్టుబడి రాయితీ, గరిష్ఠంగా 12.5 లక్షలు. రైతు సంఘాలు పత్తి కట్టె, వరిగడ్డి సేకరణకు, నిల్వకు వ్యవసాయ మౌలిక వసతుల నిధి చూడండి. 2 కోట్ల దాకా అప్పుపై ఏడేళ్లు 3 శాతం వడ్డీ రాయితీ. బయోగ్యాస్ నుంచి సీఎన్‌జీ చేసే కొత్త ప్లాంటుకు జాతీయ బయోఎనర్జీ కార్యక్రమంలో రోజుకు 4,800 కిలోలకు 4 కోట్లు, ప్రాజెక్టుకు 10 కోట్ల పరిమితి అని 2022లో పెట్టారు. ఆ మొత్తం ప్లాంటు తన సామర్థ్యంలో 80 శాతం నడిచి చూపించడం మీద ఆధారపడుతుంది. పేడ, గడ్డి సేకరణ తడబడి సగం సామర్థ్యంతో నడిస్తే రాయితీకే గండి.

వీటిలో ఏదీ రెండు రాష్ట్రాల ఉమ్మడి దరఖాస్తు కోసం పుట్టింది కాదు. క్లస్టర్ ప్రతిపాదన రాష్ట్ర ప్రభుత్వం ద్వారానే పోతుంది. యూరప్ దీన్ని తిరగేసి ఆలోచించింది. 2021-27 కాలానికి ఐ3 అనే సాధనంలో 57 కోట్ల యూరోలు పెట్టి, వేర్వేరు దేశాల ప్రాంతాల భాగస్వాములు ఒకే దరఖాస్తులో కలవాలని షరతు పెట్టింది. అర్హమైన ఖర్చులో 70 శాతం దాకా ఇస్తుంది. పరిశోధన గది దాటి మార్కెట్ అంచుకు వచ్చిన పనులకే ఇస్తుంది. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా దారి ఒకటే. ఇవతలి మిల్లులు ఇక్కడ ఒక దరఖాస్తు, అవతలి కొనుగోలుదారులు తమ రాష్ట్రంలో ఒకటి పెట్టుకుని, రెండింటికీ ఒకే కొనుగోలు ఒప్పందాన్ని జతచేయాలి. నెలకు ఎన్ని టన్నులు, ఏ తరుగు శాతానికి ఏ ధర, సరఫరా తప్పితే ఎంత కోత, కొనకపోతే ఎంత కోత. ఈ నాలుగూ లేని ఎంఓయూ ఫొటో దిగడానికి పనికొస్తుంది.

ద్రావకాల్లాంటి ప్రమాదకర వ్యర్థమైతే కాగితాలు ఇంకా ఉన్నాయి. 2016 నిబంధనల ప్రకారం కో-ప్రాసెసింగ్ కోసం, అంటే సిమెంటు కిల్న్ లాంటి చోట వాడుకోవడానికి, రాష్ట్రం దాటిస్తే రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లకూ ముందే తెలియజేయాలి. పారబోయడానికైతే రెండు చోట్లా నిరభ్యంతర పత్రం కావాలి. ఈ తేడా తెలియక అక్కర్లేని పత్రం కోసం నెలల తరబడి తిరిగేవాళ్లున్నారు. వ్యర్థం వెంట వెళ్లే రవాణా పత్రం, ఫారం 10 మానిఫెస్టు, ఏడు ప్రతులు రాయాలి.

డబ్బు మంజూరైందంటే చేతికొచ్చినట్టు కాదు. 8 కోట్ల ఉమ్మడి సౌకర్య కేంద్రానికి 70 శాతం లెక్కన 5.6 కోట్లు గ్రాంటు. అది విడతలుగా వస్తుంది, ముందు విడతను ఎలా ఖర్చు చేశామో చూపే వినియోగ పత్రం ఇస్తేనే తర్వాతిది. 2 కోట్ల విడత ఎనిమిది నెలలు ఆలస్యమై, మధ్యలో బ్యాంకు దగ్గర 11 శాతానికి తెచ్చుకుంటే వడ్డీయే సుమారు 14.67 లక్షలు. ఈ వరుస రిపోర్టులో లేకపోతే అది సభ్యుల జేబుల్లోంచే పోతుంది. వినియోగ పత్రం కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ నమూనాలో ఉండాలి, గ్రాంటు మీద వచ్చిన వడ్డీని ఖజానాకు తిరిగి కట్టాలి. చాలా సంఘాలు ఆ వడ్డీని కరెంటు బిల్లుకు వాడేసి ఆడిట్‌లో దొరుకుతాయి. గ్రాంటుతో కొన్న ఆస్తిని అనుమతి లేకుండా అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. అందుకే యంత్రాన్ని ఒక సభ్యుడి మిల్లు ఆవరణలో పెట్టొద్దు. రేపు ఆయన మిల్లును బ్యాంకు జప్తు చేస్తే బూడిదను పొడి చేసే మన బాల్ మిల్లు కూడా ఆ తాళం లోపలే ఉండిపోతుంది. సంఘం పేరున లీజు రిజిస్టరు చేయించి, దాని కాలం అప్పు తీరే గడువు కన్నా పొడవుగా ఉండేలా చూసుకోండి.

యాసంగి వడ్లు మిల్లుకు చేరేలోపు చేయదగ్గ పని ఒకటుంది. చేరదలచిన ప్రతి మిల్లు నుంచి వారానికొక నమూనా, సంచి మీద తేదీ, బాయిలర్ నంబరు, నీళ్లు కొట్టారో లేదో రాసి ఒకే చోట పోగుచేయండి. మూడు నెలల ఆ పట్టికే దరఖాస్తులో మొదటి అనుబంధం అవుతుంది.