సబ్ వూఫర్ బాక్స్‌కి ఏ చెక్క? మన సముద్రపు చెమ్మలో మూడు పలకల పరీక్ష

నమస్కారమండీ. టేబుల్ మీద మూడు ముక్కలున్నాయి: ఎమ్‌డీఎఫ్ (చెక్క నారని జిగురుతో నొక్కిన పలక), హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆర్ (అలాంటిదే, ఇంకా చిక్కగా, చెమ్మకి తట్టుకునేలా చేసింది), 710 మార్కు ప్లైవుడ్ (నీటికి తట్టుకునే మెరైన్ రకం). మూడూ 18 ఎమ్‌ఎమ్. కట్టాల్సింది 12 అంగుళాల సబ్ వూఫర్‌కి, అంటే బేస్ మోగించే పెద్ద స్పీకర్‌కి, సీల్డ్ బాక్స్: గాలి బయటికి పోకుండా అన్ని వైపులా మూసిన పెట్టె.

"ఏటండీ, 12 ఎమ్‌ఎమ్ సరిపోదా?" అంటారు. సరిపోదు. 12 నుంచి 18కి వెళ్తే మందం ఒకటిన్నర రెట్లే గానీ పలక బిగువు మూడు రెట్లు దాటుతుంది. పల్చటి పలకైతే బేస్ పడినప్పుడల్లా అదీ ఊగుతుంది. అప్పుడు స్పీకర్‌తో పాటు చెక్క కూడా మోగుతుంది.

కెమెరా దగ్గరగా తెస్తున్నాం, ఈ అంచు చూడండి. ఎమ్‌డీఎఫ్ ముక్కని రాత్రంతా నీళ్లలో నిలబెట్టాం. పైన నున్నగానే ఉంది, కింద మాత్రం టీలో ముంచిన రస్కు. గోరు తగిలితే రాలుతోంది. శ్రీకాకుళం తీరంలో కళింగపట్నం, బారువ వైపు వానాకాలం చెమ్మ ఇదే పని నెమ్మదిగా చేస్తుంది. హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆర్ కూడా ఉబ్బింది గానీ పొడి కాలేదు.

ప్లైవుడ్‌కి వేరే రోగం. కోసిన అంచులో మూడో పొర దగ్గర అగ్గిపుల్ల దూరే సందుంది చూశారా? గాలి లీకైనా, గరగర శబ్దమొచ్చినా అక్కడి నుంచే. కొనేటప్పుడు రూపాయి బిళ్లతో పలకంతా తట్టండి, బోలుగా మోగితే వద్దనండి.

ఇంట్లో ఒకచోట ఉండే బాక్స్‌కి హెచ్‌డీహెచ్‌ఎమ్‌ఆరే మా ఓటు. ఎమ్‌డీఎఫ్ వాడినా తప్పు లేదు, కోసిన ప్రతి అంచుకీ రెండు పూతలు వుడ్ ప్రైమర్ పట్టించాలి, అంతే. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతరకి వ్యాన్ ఎక్కించి దించే టెంట్‌హౌస్ బాక్సులకైతే ప్లైవుడ్డే. మూలలు చితకవు, స్క్రూ పట్టు వదలదు.

కొలత దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. లోపల 14×14×9½ అంగుళాలుంటే 30 లీటర్లు. డ్రైవర్ (బాక్స్‌లో బిగించే స్పీకర్) తినే చోటు పోగా 28 దాకా మిగులుతుంది. అదే కొలత వడ్రంగికి బయటి కొలతగా చెప్పారా, పలకల మందం పోగా లోపల మిగిలేది 21 లీటర్లే. బేస్ దబదబమంటుంది గానీ లోతు ఉండదు.

అతుకు నిలబెట్టేది జిగురు. అది ఆరేదాకా పట్టుకోడానికే స్క్రూ. 4 ఎమ్‌ఎమ్ స్క్రూకి ముందు 3 ఎమ్‌ఎమ్ కన్నం వెయ్యకపోతే ఎమ్‌డీఎఫ్ అంచు పొరలుగా విడిపోతుంది. లోపలి మూలలకి న్యూట్రల్ సిలికాన్ పూయండి. వెనిగర్ వాసన వేసేది వద్దు, ఆ ఆవిరికి వైర్లు తగిలించే టెర్మినళ్లు తుప్పుపడతాయి. ఒక రోజు ఆరనిచ్చాకే డ్రైవర్ బిగించండి.

చివరగా రెండు అరచేతులతో కోన్‌ని (స్పీకర్ ముందు ఊగే గిన్నెలాంటి భాగాన్ని) మెల్లగా నొక్కి వదలండి. నెమ్మదిగా పైకి రావాలి. టపీమని వచ్చేస్తే ఎక్కడో లీకుంది; ముందు వైరు బయటికొచ్చే కన్నం దగ్గర వెతకండి.