బడి నుంచి కాగితం తెచ్చారా?

శ్రోతలకు నమస్కారం.

పిల్లాడు కుదురుగా కూర్చోడు. చెప్పింది చెవికెక్కదు. పుస్తకం తెరిచిన పది నిమిషాలకే లేచిపోతాడు. ఏకాగ్రత, నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ అనే సమస్యేమో చూపించండని టీచరో, చుట్టాలో అన్నారు. రక్తపరీక్ష రాస్తారు, తలకు స్కానింగ్ తీస్తారు అనుకుంటూ ఆసుపత్రికి వెళ్తారు అమ్మానాన్నలు. ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. డాక్టరు అడిగేది వేరే. బడి నుంచి కాగితం తెచ్చారా?

బడిలో పిల్లలు ఎలా ఉంటున్నారో టీచరు నింపి ఇచ్చే ఆ ఒక్క కాగితం గురించే ఈ వేళ మాట్లాడతాను. పరీక్ష తప్పుదారి పట్టేది ఎక్కువగా అక్కడే.

డాక్టర్లు అనుసరించే డీఎస్ఎం-5 అనే ప్రమాణ గ్రంథం 2013లో వచ్చింది. అందులో 18 లక్షణాలున్నాయి. ఏకాగ్రతకు సంబంధించినవి తొమ్మిది, నిలకడలేనితనానికీ తొందరపాటుకీ సంబంధించినవి తొమ్మిది. ఏదో ఒక తొమ్మిదిలో కనీసం ఆరు ఉండాలి. ఆరు నెలలుగా ఉండాలి. పన్నెండేళ్లు నిండకముందే కొన్ని కనబడి ఉండాలి. ఒక్కచోట ఉంటే చాలదు, రెండుచోట్ల కనబడాలి. పిల్లలకు ఇల్లు ఒకటైతే, రెండోది బడే కదా!

ఒక ఉదాహరణ చెబుతాను. ఐదో తరగతి చదివే పాప ఉందనుకోండి. అల్లరి చేయదు, నెమ్మదస్తురాలు. లెక్కల నోట్సు తిరగేస్తే మొదటి లెక్క పూర్తిగా ఉంటుంది, రెండోది సగంలో ఆగిపోతుంది, మూడోదానికి ప్రశ్న మాత్రమే ఎక్కించి ఉంటుంది. డైరీలో హోంవర్కు సగమే రాసుకుంటుంది. కొన్న స్కేలు వారం తిరక్కుండా పోగొడుతుంది.

ఆ వయసు పిల్లలకు వాండర్‌బిల్ట్ అనే ఫారం వాడతారు. తల్లిదండ్రులకిచ్చే దాంట్లో 55 ప్రశ్నలు, టీచరుకిచ్చే దాంట్లో 43. ప్రతి లక్షణానికీ సున్నా నుంచి మూడు దాకా అంకె వేయాలి. ఎప్పుడూ లేకపోతే సున్నా, అప్పుడప్పుడైతే ఒకటి, తరచుగా అయితే రెండు, చాలా తరచుగా అయితే మూడు. రెండు, మూడు పడినవే లెక్కలోకి వస్తాయి.

వాళ్లమ్మ ఫారం నింపింది. ఏకాగ్రత ప్రశ్నలు తొమ్మిదింటిలో మూడింటికే రెండేసి వేసింది, మిగతావాటికి సున్నాలు. టీచరు ఫారంలో ఎనిమిదింటికి రెండో మూడో పడ్డాయి. ఎవరిది నిజం? ఇద్దరిదీ నిజమే. "ఇంట్లో హోంవర్కు ఎలా చేస్తుందమ్మా?" అని డాక్టరు అడిగితే అసలు సంగతి తెలిసింది. రోజూ సాయంత్రం అమ్మే పాప పక్కన కూర్చుంటుంది. ప్రతి లెక్కకీ "ఊఁ, తర్వాత?" అంటుంది. బ్యాగు తనే సర్దుతుంది. పోయిన స్కేలు మళ్లీ కొని పెడుతుంది. ఇంటి ఫారంలో ఆ సున్నాల వెనక ఉన్నది అమ్మ కష్టం. నలభైమంది ఉన్న క్లాసులో ఆ ఆసరా దొరకదు. బడి కాగితమే లేకపోతే ఈ పాపకు ఏమీ లేదని ఇంటికి పంపేసేవారు. అల్లరి చేసే మగపిల్లాడు అందరి కళ్లలో పడతాడు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్న ఆడపిల్లను ఎవరూ పట్టించుకోరు. ఇలా ఎందరు ఆడపిల్లలు బద్ధకస్తులన్న పేరు మోస్తున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఇక ఆ కాగితం ఎలా తేవాలి? జూన్‌లో బడి తెరవగానే అడగకండి. కొత్త టీచరుకు పిల్లల పేర్లే ఇంకా తెలియవు. రెండు నెలలైనా పాఠం చెప్పిన టీచరునే అడగండి. ఎదురుగా నిలబడి నింపించుకోవద్దు. మీరు బాధపడతారేమోనని మొహమాటపడి సున్నాలు పెట్టేస్తారు. కవరులో పెట్టి ఇవ్వమనండి. టీచరుకు తీరిక లేదని మీరే నింపేస్తే అది రెండుసార్లు ఇంటి మాటే అవుతుంది. ట్యూషన్ మాస్టారి మాట కూడా పనికొస్తుంది గానీ, బడి మాటకు బదులు కాదు. హైస్కూలు పిల్లలైతే ఇద్దరు సబ్జెక్టు టీచర్ల చేత రాయించండి. క్లాసులో అందరికంటే చిన్నవాడైతే ఆ సంగతీ చెప్పండి. తోటివాళ్లకంటే పది నెలలు చిన్నవాడు నిలకడలేనట్టు కనబడటం సహజం. కాగితంతో పాటు రెండు నోటుపుస్తకాలు, పాత ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్లండి.

బడిలో ఇబ్బంది ఉన్నంత మాత్రాన ఏడీహెచ్‌డీ అనుకోకూడదు. చెవి, కన్ను పరీక్ష చేయించాలి. రాత్రి గురక పెట్టి నిద్ర చాలని పిల్లాడూ పగలు చిరాగ్గానే ఉంటాడు. అక్షరాలు కూడబలుక్కునే పిల్లాడు పాఠం జరుగుతుంటే పక్కచూపులే చూస్తాడు, అందుకని చదవడం, రాయడం కూడా పరీక్షించాలి. ఇదంతా ఒక్కపూటలో తేలదు. పది నిమిషాల్లో తేల్చేసి మందు రాస్తే, ఇంకొక డాక్టరును కలవండి.

పదిహేడేళ్లు నిండినవారికి ఆరు బదులు ఐదు లక్షణాలు చాలు. చిన్నప్పటి నుంచీ ఉండాలన్న నియమం మాత్రం వారికీ తప్పదు. ఆరు ప్రశ్నల ఫారం నింపి తమకు తామే నిర్ణయించుకునేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అది డాక్టరును కలవాలో లేదో చెబుతుంది, అంతే. ఉద్యోగం మారాక ముప్పై అయిదో ఏట మొదలైన మతిమరుపైతే ముందు నిద్ర, థైరాయిడ్, దిగులు చూడాలి. పెద్దవాళ్లకు బడి కాగితమంటే అటకమీది పాత ప్రోగ్రెస్ కార్డే. అది లేకపోతే అమ్మనో, అక్కనో వెంటబెట్టుకు వెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రి, విశాఖ మానసిక వైద్యశాల, బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. ప్రైవేటుగా క్లినికల్ సైకాలజిస్టును కలిస్తే, భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. వారు పరీక్షలు చేస్తారు, మందులు రాసేది డాక్టరే. దారి తెలియకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. నంబరు ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: 14416.

నమస్కారం.