'ఇవ్వలేము' అంటే కోర్టు ఏం చూస్తుంది?

అందరికీ నమస్కారం. సమాచార హక్కు అర్జీ ఎలా రాయాలో మీలో చాలామందికి నాకంటే బాగా తెలుసు, అందుకే ఆ తర్వాతి గొడవ దగ్గరే మొదలుపెడతాను.

మా ఊరి సీసీ రోడ్డు ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ అడిగితే ఒక ఆఫీసు నుంచి 43వ రోజున జవాబొచ్చింది. ఒకటిన్నర లైను. 'విచారణ జరుగుతున్నందున సెక్షన్ 8(1)(హెచ్) ప్రకారం ఇవ్వలేము.' కింద సంతకం, దాని మీద వంకరగా పడ్డ రౌండు సీలు. ఏ విచారణ, ఎవరి మీద, రోడ్డు కొలతలు నేను చూస్తే దానికొచ్చే అడ్డమేంటి, ఒక్క ముక్క లేదు.

సరిగ్గా ఈ సంగతే 2007లో భగత్ సింగ్ అనే అర్జీదారుడి కేసులో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకిచ్చిన ఫిర్యాదు ఏమైందని ఆయన అడిగాడు. విచారణ ఉందన్నంత మాత్రాన దాచడానికి లేదు, సమాచారమిస్తే ఆ విచారణ ఎలా దెబ్బతింటుందో చూపించాలి అంది కోర్టు. చట్టంలోనూ అంతే, సెక్షన్ 19(5) ప్రకారం అప్పీల్లో రుజువు చేసుకోవాల్సింది ఇవ్వనన్న అధికారే, మీరు కాదు.

అయితే హైకోర్టు, మన అప్పీళ్లు వినే సమాచార కమిషన్ లాంటి ఇంకో కమిషన్ కాదండీ. సెక్షన్ 23 వల్ల సివిల్ దావా వేయలేం, కమిషన్ ఆర్డరు మీద రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ ఉంటుంది. అందులో జడ్జిగారు మామూలుగా మీ ఫైలంతా మళ్లీ తిరగేయరు, కమిషన్ చట్టప్రకారం నడిచిందా, కారణాలు రాసిందా అని చూసి, లేకపోతే చాలాసార్లు మళ్లీ అక్కడికే పంపిస్తారు. గెలిచామని స్వీట్లు పంచి, పేపర్లు ఇంకా రాలేదేంటని నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు!

ఇంకో పొరపాటు. కోపంలో సెక్షన్ 18 కింద కంప్లయింట్ పెడతారు. దానిమీద అధికారికి జరిమానా వేయొచ్చు, రోజుకి 250 చొప్పున 25,000 దాకా, కానీ పేపర్లు ఇప్పించే అధికారం కమిషన్‌కి లేదని మణిపూర్ కేసులో 2011లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది. పేపర్లు కావాలంటే 19 కింద అప్పీలుకే వెళ్లాలి.

అన్ని తీర్పులూ మనవైపే ఉండవు. ఒక ఉద్యోగి మెమోలు, ఆస్తుల వివరాలు వ్యక్తిగతమని, విశాల ప్రజా ప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వక్కర్లేదని సుప్రీంకోర్టే 2012లో అంది. నాకు నచ్చని తీర్పు అది, ఆఫీసుల్లో మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

నా ఎం-బుక్ సంగతంటారా, మొదటి అప్పీల్లో భగత్ సింగ్ కేసు, 19(5) రెండూ రాశాను, గడువు దాటింది కాబట్టి 7(6) కింద ఉచితంగానే ఇవ్వాలని కూడా. 14 పేజీలొచ్చాయి. ఇక టేపు పట్టుకుని రోడ్డు కొలవాలి.