పక్కింటి పిల్లిని ఇంట్లో కట్టడి చేశారా? కంగారు పడాల్సింది ఎప్పుడు?

[తెర మీద: అపార్ట్‌మెంట్ రెండో అంతస్తు. కిటికీ గ్రిల్ వెనక చారల పిల్లి, నోరు తెరిచి అరుస్తోంది.]

నమస్కారమండీ. చెన్నై పెరంబూర్ నుంచి ఒకావిడ అడిగారు: "ఎదురు ఫ్లాట్‌వాళ్ల పిల్లి ఎప్పుడూ మెట్ల మీద, మేడ మీద తిరిగేది. ఈ మధ్య బయటికే వదలడం లేదు. తెల్లారకముందే కిటికీ దగ్గర ఒకటే అరుపు. హింసిస్తున్నారేమోనని భయంగా ఉంది, ఏం చేయాలి?"

నా మాట ముందే చెప్పేస్తాను. ఒక్క అరుపు విని హింస అని తేల్చేయకండి. అలాగని ఊరికే వదిలేయమనీ కాదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

బయట తిరిగిన పిల్లికి రోజూ ఒక రౌండు ఉంటుంది. పాల ప్యాకెట్లు వచ్చే వేళకి గేటు దగ్గర, చేపల బండి వచ్చే వేళకి వీధి మలుపులో. దారి పొడవునా గోడలకీ స్కూటర్లకీ బుగ్గలు రాసి తన వాసన అంటించి వస్తుంది, అది దాని ఇలాకా. రోజులో 12 గంటలకు పైనే నిద్రపోయినా, వేటకి చురుగ్గా లేచేది తెల్లవారుజామునా, మునిమాపునా. తలుపు మూసేస్తే ఆ వేళకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది, అరుస్తుంది. సర్దుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో జాలిపడి ఒక్కసారి వదిలారా, అరిస్తే తలుపు తీస్తారని దానికి అర్థమైపోతుంది. మర్నాడు రెట్టింపు అరుపు!

ఇంకో సంగతి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కాని ఆడపిల్లి ఎదకొస్తే చంటిపిల్ల ఏడ్చినట్టే అరుస్తుంది, నేల మీద పొర్లుతుంది. జతకట్టకపోతే రెండు మూడు వారాలకి మళ్లీ అదే గోల. ఆ వాసనకి వీధిలోని గండుపిల్లులు చేరి కచేరీ పెడతాయి. దీనికి మందు ఆపరేషనే, తలుపు తీయడం కాదు.

[తెర మీద: మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు.]

కాబట్టి మొదట వెళ్లి అడగండి. నిలదీసినట్టు కాదు. "అక్కా, మీ పిల్లి కిందికి రావట్లేదేంటి, ఒంట్లో బాగాలేదా?" అంటే చాలు. పదిలో తొమ్మిదిసార్లు జవాబు మామూలుగానే ఉంటుంది: "ఆపరేషన్ చేయించామమ్మా, కుట్లు మానేదాకా వదలొద్దన్నారు డాక్టరు." లేదా కింద కుక్కలు తరిమాయి, ఎవరో ఎలుకల మందు పెట్టారు. ఆ మందు తిన్న ఎలుకని తిన్నా పిల్లి ప్రాణానికి ముప్పే. దీపావళి ముందు టపాసులకి భయపడి పారిపోకుండా లోపల పెట్టేవాళ్లూ ఉన్నారు. నన్నడిగితే, చెన్నై ట్రాఫిక్‌లో పిల్లిని ఇంట్లో ఉంచుకోవడమే తెలివైన పని.

కానీ ఇల్లు పిల్లికి పనికొచ్చేలా ఉండాలి. ఎక్కి కూర్చోవడానికి బీరువా పైనో, కిటికీ పక్కనో చోటు, గోకడానికి పాత గోనెపట్టా, సాయంత్రం పూట పది నిమిషాల ఆట. లిట్టర్ ట్రే, అంటే పిల్లి మలమూత్రాలకి పెట్టే పళ్లెం, తిండిగిన్నెకి దూరంగా పెట్టాలి, రోజూ శుభ్రం చేయాలి. బాల్కనీ మాత్రం జాగ్రత్త! పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా కాళ్ల మీద నిలబడుతుందిలే అనుకుంటాం. న్యూయార్క్‌లో పై అంతస్తుల నుంచి పడి ఆస్పత్రికి చేరిన 132 పిల్లుల లెక్క 1987లో అచ్చయింది. వైద్యం అందినవాటిలో సుమారు 90 శాతం బతికాయి, నిజమే. కానీ ఊపిరితిత్తులకి దెబ్బలు, దవడలు పగలడం, కాళ్లు విరగడం మామూలుగా కనిపించాయి. మన ఫ్లాట్లలో పావురాల కోసం కట్టే నైలాన్ వలని పిల్లి పళ్లతో కొరికేయగలదు. కింది అంచు దగ్గర, కొక్కేనికీ కొక్కేనికీ మధ్య వల వదులుగా ఉంటుంది చూడండి, తల దూరేది అక్కడే. స్టీలు జాలీ నయం.

[తెర మీద: లిట్టర్ ట్రేలో వంగి కూర్చున్న పిల్లి, దగ్గరగా.]

ఇక నిజంగా కంగారు పడాల్సినవి. మగపిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతోంది, చుక్క మూత్రం రావడం లేదు, అడుగుభాగం నాక్కుంటోంది. అంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకట్రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు, తెల్లారేదాకా కూడా ఆగకూడదు. కొత్తగా ఇంట్లో కట్టడి అయిన బెంగ, నీళ్లు తక్కువ తాగడం ఈ జబ్బుకి దారితీస్తాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మలబద్ధకం అనుకుని ఇంటి వైద్యం చేయకండి. నొప్పికి పారాసిటమాల్ అసలు వేయకండి, పిల్లికి అది విషం.

అలాగే రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది, లావుపాటి పిల్లికి మరీను. ఈ రెండు ముక్కలూ పక్కింటివాళ్లకి చెప్పండి. చాలామందికి తెలియవు.

పొద్దస్తమానం బాత్రూంలో పెట్టి గడియ వేయడం, కత్తిరి ఎండల్లో నీడా నీళ్లూ లేని బాల్కనీలో వదిలేయడం, తిరగడానికి వీల్లేని బోనులో ఉంచడం, ఇంటికి తాళమేసి ఊరెళ్లిపోవడం, ఇవీ హింసంటే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 11వ సెక్షన్ కిందికి వస్తాయి. ఈ చట్టం వెనక మన చెన్నై మనిషి ఉన్నారు. కళాక్షేత్ర అనే నాట్య సంస్థని పెట్టిన రుక్మిణీదేవి అరుండేల్ 1950ల్లో రాజ్యసభలో ఇలాంటి బిల్లు పెడితేనే కదిలింది. మొదటి తప్పుకి జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలు! పార్కింగ్ ఫైనే నయం.

మీరు చేయకూడనివి కూడా ఉన్నాయి. వాళ్లు లేనప్పుడు తలుపు తీసి వదలకండి. గ్రిల్ సందులోంచి చేపముక్కలు వేయకండి, దానికి ఏ మందు, ఏ పథ్యం నడుస్తోందో మీకు తెలియదు.

మర్యాదగా అడిగినా కసురుకున్నారు, పైన చెప్పిన గుర్తులూ కళ్లెదుటే కనిపిస్తున్నాయి అనుకోండి. అప్పుడు తేదీ, వేళ రాసుకోండి. మీ గుమ్మంలోంచి కనిపించినంత మేరకే వీడియో తీయండి, వాళ్లింట్లోకి తొంగిచూడొద్దు. అపార్ట్‌మెంట్ సెక్రటరీని తోడు తీసుకుని ఇంకోసారి మాట్లాడండి. అప్పటికీ వినకపోతే 1959 నుంచి చెన్నైలో పనిచేస్తున్న జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియాకి ఆ వివరాలు ఇవ్వండి. వైద్యం చేయించే స్తోమత లేకపోవడమే అసలు ఇబ్బంది అయితే ఫిర్యాదు దాకా పోకుండా వేపేరిలోని పశువైద్య కళాశాల ఆస్పత్రికి తీసుకెళ్లమనండి. ఆటో చార్జీ మీరు పెట్టుకుంటానన్నా తప్పులేదు.